ఎగరని విమానానికి ఐదు స్టార్లు

ఆ రోజు పొద్దుగాల బెల్లంపల్లి మీద ఆకాశం కడిగి బోర్లించిన స్టీలు గిన్నె లెక్క ఉన్నది. పిడికెడు మబ్బు లేదు. ఆకుకు కదలిక లేదు. అట్లాంటి ఆకాశాన్ని సూసుకొని మా అక్క బిడ్డను విమానం ఎక్కించనీకి బయలెల్లిన. ఆ విమానం రద్దయింది. అందుకు ఆ కంపెనీకి జన్మంత రుణపడి ఉంటా!

నవ్వకుండ్రి. మనిషికి జరిగే మేళ్లల్ల విమానం రద్దు కావడమే పెద్దది. ఎగిరిన విమానంల ఏమున్నది? రెండు గంటలు కూసుంటరు, దిగుతరు, మరిచిపోతరు. రద్దయిన విమానం అట్ల కాదు. నెలల తరబడి మన ఇంట్లనే ఉంటది.

మా బావ సామ్యూల్ ముప్పై నాలుగేండ్లు బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. ఆయన బిడ్డ స్తుతి నర్సింగ్ చదివింది. ఢిల్లీల ఒక పెద్ద దవాఖానల పర్మినెంట్ నర్సు పోస్టుకు పరీక్ష రాసి పాసయింది. గురువారం పొద్దున పది గంటలకు సర్టిఫికెట్లు పట్టుకొని స్వయంగా రావాలె, రాకుంటే పోస్టు ఎనుకున్నోళ్లకు పోతదని మంగళవారం సాయంత్రం మెయిల్ వచ్చింది.

ఢిల్లీ రైలు మా అక్కోళ్ల ఇంటెనుకనుంచే పోతది. బుధవారం ఎక్కితే గురువారం తెల్లారేసరికి దించుతది. మా బావ ఒప్పుకోలే.

"రైలును నమ్మరాదు బామ్మర్దీ. లేటయిందనుకో, పిల్ల గతేం గావాలె? పైసలు పోతే పోనీ, విమానమే బుక్ చెయ్యుండ్రి."

అట్ల నమ్మకం కోసం తండ్రికీ బిడ్డకూ విమానం కొన్నం! ఢిల్లీ ఉత్తరాన ఉన్నది గనుక వెంకటేశ్ కారు కిరాయికి మాట్లాడుకొని దక్షిణాన హైదరాబాద్ దిక్కు ఐదు గంటలు పోయినం. పెద్దపల్లి కాడ రైల్వే గేటు పడ్డది. ఢిల్లీ రైలు మా ముంగటనుంచే సరిగ్గ టైముకు పోయింది. మా బావ దాన్ని జాలిగ సూసిండు.

ఇగ విమానం మర్యాద సంగతి వినుండ్రి. మా ఊరి బస్సు ఇష్టమున్ననాడు వస్తది, లేనినాడు రాదు. ఒక్కనాడన్న డ్రైవర్ దిగి "క్షమించుండ్రి" అన్నడా? రెండు నలభైకి లేవాల్సిన విమానం మూడున్నర అన్నరు, సారీ. ఐదన్నరు, సారీ. ఆరుంబావన్నరు, వెరీ సారీ. ఏడింటికి రద్దన్నరు, డీప్లీ సారీ! ఒక్క సాయంత్రంల స్తుతి ఫోన్‌కు పదకొండు సారీలు వచ్చినయ్. మూడు తరాలసంది మా ఖాందాన్‌కు ఇన్ని సారీలు ఎవలు చెప్పిండ్రు?

కారణమేందంటే వాతావరణం బాగలేదన్నరు. నేను బయటనే ఉన్న, తలెత్తి సూసిన. చుక్కలు పొడుస్తున్నయ్. వేరే కంపెనీల విమానాలు ఒకదానెనుక ఒకటి లేస్తున్నయ్. అంటే వాతావరణం ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగ ఉంటదన్నమాట! నలభై ఏండ్లు మబ్బును సూసి ఎవుసం చేసినోణ్ని, ఈ ముచ్చట నాకు ఇప్పటిదాక తెల్వదు.

ఆ వేరే విమానాల్ల సీటు ఇరవై ఎనిమిది వేలన్నరు. సరే అని మేం తలూపేలోపట అవి కూడ అయిపోయినయ్. మా కంపెనీ దయదలచి మరునాడు పదకొండింటి విమానంల కూసోబెడ్తనన్నది. పది గంటలకే ఢిల్లీల ఉండాల్సిన పిల్లను!

బయట టికెట్ల కిటికీ కాడ వందమంది ఒర్రుతున్నరు. మా బావ ఒర్రలే. లైనుల నిలబడి, తనవంతు రాంగనే కౌంటర్ పిల్లను అడిగిండు.

"బిడ్డా, మా మస్టర్ రాసియ్యి."

"ఏంటి సర్?"

"హాజరు. బాయిల మమ్ముల దింపే మెషీన్ ఖరాబైనా, డ్యూటీకి వచ్చినమని బుక్కుల మస్టర్ పడేది. తప్పు మెషీన్‌ది, మాది గాదు గద? మేం వచ్చినమని రాసి సంతకం పెట్టు."

"అలా ఏం ఉండదు సర్. మీకు మెసేజ్ వస్తుంది."

"మెసేజ్‌లు పదకొండు వచ్చినయ్ బిడ్డా. ఒక్క సంతకం పెట్టు."

నాకు సిగ్గయింది. "నడువు బావా, అందరు నవ్వుతున్నరు" అన్న.

"నవ్వనీ" అన్నడు. కిటికీ కాడినుంచి జరగలే.

తిట్లు తినీ తినీ ఆ పిల్ల మొఖం వాడిపోయి ఉన్నది. ఇటు అటు సూసింది. రెండు బోర్డింగ్ పాసుల ఎనుక 'వచ్చారు' అని రాసి, టైమేసి, సంతకం గీకింది. "పేరు రాయను అంకుల్, నా ఉద్యోగం పోతుంది" అన్నది.

గురువారం పది గంటలకు మేము బెల్లంపల్లిల ఉన్నం. స్తుతి ఢిల్లీకి ఫోన్ చేసింది. మెయిల్ పెట్టుమన్నరు. పెట్టింది.

అటెనుక క్లెయిమ్ మొదలైంది. దీనంత చదువు ఏ బడిల చెప్తరు? తిండి ఖర్చుకు అసలు బిల్లు జతచేయాలన్నరు. మేం తిన్నది మా అక్క సమ్మక్క కట్టిచ్చిన జొన్నరొట్టె, వంకాయకూర. మా బావ అబద్ధం రాయనియ్యలే. 'ఇంటి రొట్టె, బిల్లు లేదు' అని రాయించిండు. బిల్లు లేనందున పరిశీలించలేమని జవాబొచ్చింది. వెంకటేశ్ కారు కిరాయి తెల్లకాయితం మీద రాసిచ్చిండు. దాని మీద జీఎస్టీ నంబర్ లేదన్నరు.

మా అక్కకు మండింది. "తమ్మీ, రేపటిసంది నా ఇంట్ల తినేటోళ్లంత సంతకం పెట్టుండ్రి. ఒక్కో రొట్టెకు ఒక్కో బిల్లు ఇస్త."

పందొమ్మిదోనాడు కంపెనీ ఇంకో మెయిల్ పంపింది. 'మా రికార్డుల ప్రకారం మీరు ప్రయాణానికి హాజరు కాలేదు.' ఎగరంది విమానం, రానిది మేము! అదే వారం ఢిల్లీ దవాఖాననుంచి జవాబు వచ్చింది. 'అభ్యర్థి గైర్హాజరు.'

దేశంల ఏ రెండు ఆఫీసులన్న ఇంత తొందరగ ఒక్క మాట మీదికి వచ్చినయా? వచ్చినయ్. స్తుతి రాలేదని! ఆ పిల్ల వచ్చిందనే సాక్ష్యం బోర్డింగ్ పాసు ఎనుక పేరులేని ఆ సంతకమొక్కటే.

దాన్నే ఫోటో తీసి రెండు దిక్కుల పంపినం. కంపెనీ దిగొచ్చింది. టికెట్ పైసలు వాపస్ ఇచ్చింది. పైన వెయ్యి రూపాయలు. మళ్ల ఆర్నెల్లల్ల తమ విమానమే ఎక్కాలని ఐదువందల కూపన్. ఎంత ప్రేమ! దవాఖానోళ్లు మాత్రం పోస్టు నిండిందని, విమానాల సంగతి తమకు సంబంధం లేదని రాసిండ్రు.

అన్నట్టు, క్లెయిమ్ ఫారం చివర 'ఇతర నష్టం' అని ఒక గడి ఉన్నది. రెండువందల అక్షరాలు పడతయ్. స్తుతి అందుల 'నా ఉద్యోగం' అని రాసి ఊకున్నది. దానికి కూడ బిల్లు లేకపాయె.

ఆఖరుకు ఒక మెసేజ్ వచ్చింది. 'మీ ఫిర్యాదు సంతోషకరంగా పరిష్కారమైంది. మాకు ఐదుకు ఎన్ని స్టార్లు ఇస్తారు?'

"ఒక్కటి సుత ఇయ్యకు" అన్న. ఇంతసేపు పొగిడిన నేనే!

"ఊకో మామా. ఈ మార్కులు కంపెనీకి పోవట. ఆ కౌంటర్ అక్కోళ్ల మీదికి పోతయట. తక్కువిస్తే ఆమె జీతం కోస్తే?"

ఐదూ నొక్కింది.

గందుకే చెప్తున్న, విమానాలు రద్దు చేసేటోళ్లకు ఏ ఫికర్ లేదు. ఇసుంటి పిల్లలు ఉన్నన్నాళ్లు వాళ్లకు ఐదుకు ఐదు పడుతనే ఉంటయ్.

పైసలు శనివారం పడ్డయ్. ఆదివారం చర్చి అయినంక మా బావ కిలో మటన్ తెచ్చిండు. నన్ను పిలిచిండ్రు. కంపెనీ పుణ్యమా అని నాలుగు ముక్కలు తింటున్నమని ఒక మాట అందామని ఇంటికాడనే అనుకొని పోయిన. స్తుతి అందరికి వడ్డించి తను కూసున్నది. మా అక్క గిన్నె దిక్కు సూస్తున్నది. నా మాట నా నోట్లనే ఉన్నది.

కూరల ఉప్పు తక్కువైంది. ఎవ్వరం అడగలే.