కూనిబెర్ట్ వరాహుని పిత్తు కొరకు జరిగిన మహాయుద్ధము

స్వస్తి! రైన్ మహానది మబ్బు రంగు నీళ్లతో మందగమనమున సాగుచుండగా, కొలోన్ నగరపు జంట శిఖరముల ప్రార్థనామందిరము చినుకుల ముసుగులో తలదాచుకొని యుండగా, ఆరు దినములు విదూషక వేషములు ధరించి వీధివీధిన త్రాగి ఆడి పాడిన పౌరులెల్లరు ఉత్సవము ముగిసి, నుదుట బూడిద బొట్టుతోను, కడుపులో ఉప్పుచేపతోను, తలలో సహస్ర భేరీనాదముతోను మేల్కొనిన ఆ ఫిబ్రవరి భస్మ బుధవారమున, ఉదయము పది గంటల వేళ, ఎహ్రెన్‌ఫెల్డ్ పేటలో ఒకప్పుడు పరుపులు కుట్టిన కార్ఖానాయై ఇప్పుడు బొమ్మల చిత్రములు తీయు శాలయై వెలసిన ఇటుకల మేడ మూడవ అంతస్తున, కనీవినీ యెరుగని ఘోరసంగ్రామమొకటి ఆరంభమయ్యెను. దానికి హేతువు ఒక పిత్తు.

అది సామాన్యమైన పిత్తు కాదు. పిల్లలు నిద్రించిన పిమ్మట పెద్దల కొరకు ప్రసారమగు ఒక బొమ్మల హాస్యధారావాహికలో కూనిబెర్ట్ అను అడవిపంది ఊరి చివరి పెరటితోటల సంఘమునకు అధ్యక్షుడు. మేయరమ్మ యెదుట త్రేన్చుట, నిండుసభలో పిరుదులు గోకికొనుట, నియమావళి చదువుచు చదువుచు పిత్తుట ఆ వరాహేంద్రుని రాజలాంఛనములు. దేశమంతయు అతనిని చీదరించుకొనుచునే ప్రేమించెను. ఇంతవరకు అతడు విడిచిన రెండువందల పదునాలుగు అపానధ్వానములలో ఒక్కటియు యంత్రము పుట్టించినది కాదు. అన్నియు రోస్విత కెంప్‌గెన్స్ చేతులలో జన్మించినవే.

ఏబదితొమ్మిదేండ్ల ఆ వీరవనిత, తడితోలు ఆయుధముగా గలది, రబ్బరు తొడుగులు కవచముగా గలది, ఉడికిన బంగాళాదుంపల ముద్దను పిసికి ఒక్క పిసుకుడులో పదిరకముల పిత్తులు పలికింపజాలినది, కిటికీలు లేని ఒక ఇరుకు గదిలో ఇరువది రెండేండ్లుగా తపస్సు చేయుచుండెను. ఈ సంవత్సరపు కడపటి కథలో కూనిబెర్ట్‌తో నలుబదేండ్లు కంచె తగవు నడిపిన ముసలి కుందేలు గుండె ఆగి మరణించినది. సమాధి చెంత మాటలాడుటకు లేచిన వరాహమునకు మాట రాలేదు. పిత్తు వచ్చినది. మూడు సెకనులు, సెకనుకు ఇరువదియైదు బొమ్మల లెక్కన డెబ్బదియైదు బొమ్మల పర్యంతము. తుత్తార బూరవలె మొదలై, నడుమ వణకి, తుదకు కుక్కపిల్ల మూలుగువలె సన్నగిల్లి ఆగిపోవు ఆ నాదమును రోస్విత నాలుగు దినములు చెమటోడ్చి సాధించెను.

దానిని చంపుటకే ప్రసార సంస్థ తరఫున హాంబుర్గ్ నుండి డాక్టర్ గేషె థోమ్‌ఫోర్డె ఆ గదికి విచ్చేసెను. బూడిదరంగు కోటు, ఇస్త్రీ చెదరని కాలరు, చంకలో సొంత టీ ఫ్లాస్కు. ఉత్తరదేశపు చలిగాలి మనుష్యరూపము దాల్చినట్లుండెను. ఆమెకెదురుగా దర్శకుడు యోస్ట్ ప్యూట్స్, ఎడమ చెవి వెనుక ఇంకను చెరగని విదూషకుని ఎర్రరంగుతో, రెండు చేతులతో తలపట్టుకొని కూలబడియుండెను.

"ముందే చెప్పేస్తాను. సమాధి దగ్గర ఆ... ఆ శబ్దం ఉండటానికి వీల్లేదు," అని డాక్టరమ్మ తొలి బాణము విడిచెను.

"ఏ శబ్దమండీ?" అని రోస్విత అమాయకముగా అడిగెను.

"అదే. మీకు తెలుసు."

"పిత్తా?"

"దాన్నే అంటున్నాను."

"పేరు పెట్టి పిలిస్తే కరవదండీ."

యోస్ట్ కిసుక్కున నవ్వబోయి, తల పగిలినంత పనియై మానుకొనెను.

"భాగానికి పదకొండు అని మాట అనుకున్నాం. ఇది పన్నెండోది. పైగా శ్మశానంలో! అక్కడ వయొలిన్ పెట్టండి, చాలు."

"వయొలిన్ కూడా బానే ఉంటుందేమో రోస్వితా..." అని దర్శకుడు గొణిగెను.

"నువ్వు నోరు మూసుకుని నీళ్లు తాగు!"

అప్పుడు డాక్టరమ్మ అంబులపొదిలోని బ్రహ్మాస్త్రమును బయటికి తీసెను. "కెంప్‌గెన్స్ గారూ, ఇంకో విషయం. అసలు ఈ గది అవసరమా అని పైవాళ్లు అడుగుతున్నారు. కంప్యూటర్లో నాలుగు వేల పిత్తులు రెడీగా ఉన్నాయట."

పిత్తు అను ఆ మాట తన నోటినుండియే జారినదని తెలిసి ఆమె చెవులు దానిమ్మ గింజలవలె ఎర్రబారెను. కాని రోస్విత నవ్వలేదు. ఇరువది రెండేండ్ల జీవితము ఆ యొక్క వాక్యపు త్రాసులో తూగుచుండగా ఆమె లేచి, బొమ్మను తెరపై నడిపించెను.

మొదట వయొలిన్‌తో చూపెను. యోస్ట్ ఆవులించెను. పిమ్మట నిశ్శబ్దముతో చూపెను. డాక్టరమ్మ గడియారము చూచుకొనెను. మూడవసారి ఆ డెబ్బదియైదు బొమ్మల మహానాదము గది గోడలను స్పృశించి, మొరసి, వణకి, మూలిగి అణగెను.

"చూశారా? నవ్వు కూడా రాలేదు," అని డాక్టరమ్మ జయఘోష చేసెను.

"రాకూడదు. అది ఏడుపండీ."

అంత రోస్విత, ప్రళయకాల మేఘము గర్జించుటకు ముందు ఒక్క క్షణము ఊపిరి బిగబట్టినట్లు బిగబట్టి, చేతి తొడుగులు తీసి బల్లమీద పెట్టి, దిక్కులు చెవియొగ్గి వినగా ఇట్లు పలికెను:

"మా నాన్న ట్రామ్ నడిపేవాడు. ఆయన పోతే మా అమ్మ మూడు రోజులు రాయిలా కూర్చుంది. ఏడవదు, తినదు, మాట్లాడదు. సమాధి దగ్గర ఫాదర్ గారు ప్రార్థన చదువుతున్నారు. మా వెర్నర్ బాబాయి, తొంభై కిలోల మనిషి, గుప్పెడు మట్టి వేద్దామని వంగాడు. అంతే. ఆ చప్పుడుకి చెట్టు మీద కాకులు లేచిపోయాయి. అప్పుడు మా అమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ ఆ నవ్వు కాస్తా ఏడుపైపోయింది. మూడు రోజుల ఏడుపూ అక్కడే బయటికొచ్చేసింది. ఆ పిత్తే లేకపోతే మా అమ్మ ఏమైపోయేదో నాకు తెలీదు."

డాక్టరమ్మ ఫ్లాస్కు మూతను త్రిప్పుచు, మూయుచు, మరల త్రిప్పుచుండెను.

"మా నాన్న పాస్టరు," అని చిట్టచివరకు ఆమె అనెను. "అంత్యక్రియలకి నాలుగొందల మంది వచ్చారు. ఒక్కరు కూడా దగ్గలేదు."

"మీరు ఏడ్చారా?"

"ఇంకా లేదు."

"ఎప్పుడు పోయారు?"

"ఆరేళ్లయింది."

"అయ్యో, ఒక్కరైనా పిత్తి ఉండాల్సింది," అని యోస్ట్ హృదయపూర్వకముగా అనెను.

డాక్టరమ్మ అతనిని తేరిపార చూచెను. పిమ్మట కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మడిచి, "ఎలా చేస్తారు?" అని అడిగెను.

రోస్విత తడితోలును ఆమె మోచేతి మడతలో అమర్చెను. "గట్టిగా నొక్కకండి. నెమ్మదిగా... ఏదో చెప్పాలనుకుని చెప్పలేకపోతున్నట్టు."

తొలి యత్నమున ఎలుక కీచుమనెను. రెండవదానికి తలుపు కిర్రుమనెను. మూడవదానికి, ఓ శ్రోతలారా, పాస్టరు ఇంట పుట్టి, భోజనపు బల్ల వద్ద పెదవి విప్పని బాల్యమును గడిపి, జీవితమున ఏనాడును బహిరంగముగా ఏ గాలియు విడువని ఆ మహాసాధ్వి మోచేతినుండి కుంభకర్ణ నిద్రాభంగకరమైన, కుడ్య కంపనకరమైన, దిగ్గజ కర్ణవిదారకమైన మహాధ్వానము వెలువడెను. క్రింది అంతస్తునుండి ఎవరో చీపురుకర్రతో పైకప్పును పొడిచిరి. యోస్ట్ తలనొప్పిని మరచి నేలపై దొర్లెను. డాక్టరమ్మ నవ్వెను, వంగి నవ్వెను, బల్లపట్టుకొని నవ్వెను, ముఖము రెండు చేతులలో దాచుకొనెను. ఆ భుజములు చాలసేపు కదలుచునే యుండెను. అది నవ్వు కాదని గ్రహించి రోస్విత తడిలేని తువ్వాలును చేతికందించి, గోడవైపు తిరిగి నిలుచుండెను.

కొంతసేపటికి కాలరు సవరించుకొనిన రాయబారిణి మరల యుద్ధమునకు కూర్చుండెను.

"మూడు సెకన్లంటే పైవాళ్లు ఒప్పుకోరు. అయిదు బొమ్మలు."

"నలభై."

"ఏడు."

"ముందు బూర మొత్తం తీసేయండి, వణుకూ తీసేయండి. చివరి మూలుగు వదిలేయండి. అది తొమ్మిది బొమ్మలు. ఒక్కటి తగ్గినా ఏడుపు తెగిపోతుంది."

"తొమ్మిది. సరే. కానీ కాగితం మీద నిట్టూర్పు అని రాస్తాను."

"కుదరదండీ. పిత్తు అనే రాయాలి."

డాక్టరమ్మ కలము చాలసేపు గాలిలో నిలిచెను. పిదప ఇస్త్రీ చేసినట్టి అక్షరములతో ఆమె వ్రాసెను: పన్నెండవది. పిత్తు. తొమ్మిది బొమ్మలు. అనుమతించడమైనది.

"మరి ఈ గది?" అని రోస్విత మెల్లగా అడిగెను.

"వేసవి దాకా ఎవరూ అడగకుండా చూస్తాను. ఆ తర్వాత నాకు తెలీదు."

జయము! జయము! డెబ్బదియైదింట అరువదియారు బొమ్మలు రణభూమిలో నేలకొరిగినను, రెప్పపాటు కాలమునకు సరిపడు తొమ్మిది బొమ్మలు క్షేమముగా దరిచేరెను. కోటలు గెలిచిన వారున్నారు, సముద్రములు దాటిన వారున్నారు; సెకనులో మూడవ వంతు పిత్తును దాని అసలు పేరుతోనే ప్రభుత్వ కాగితమంత పవిత్రమైన కాగితముపై నిలిపిన ఘనత రోస్విత కెంప్‌గెన్స్ ఒక్కతెదే. ఈ కథను ఓపికగా విన్నవారికి సమయమునకు కన్నీరును, కడుపునకు తేలికయు కలుగుగాక!