పవర్‌పేట ద్వితీయాహ్వాన విజయము

సూర్యవంశ చంద్రవంశ ప్రతాపములు పాడి పాడి గొంతు బొంగురువోయిన వందిమాగధులు కాసేపు మంచినీళ్ళు త్రాగి ప్రక్కన కూర్చుందురు గాక! రెండువేల మూడవ క్రీస్తు సంవత్సరమున, గ్రీష్మతాపమునకు కొల్లేటి నీరు అంచులనుండి వెనుకంజ వేసి పగుళ్ళువారిన బురదను బయటపెట్టుచుండగా, ఆకివీటి లారీలు మంచునీరు కార్చుకొనుచు మీనసంభారములను మోసికొని హోరెత్తి పోవుచుండగా, ఏలూరు పురమున, పవర్‌పేటలో, స్టీలుసామాన్ల దుకాణము మీది అంతస్తున, కిటికీలకు నల్లకాగితము లంటించిన ఏసీ గదిలో చెలరేగిన మహాసంగ్రామమును చెప్పెదను, వినుడు. ఇందు ఏనుగులు కూలలేదు. రథములు విరుగలేదు. ఒక కుర్చీకి చక్రము మాత్రము అంతకు ముందే విరిగియుండెను.

ఆ గది యొక కంప్యూటరు విద్యాలయము. దానికిని, క్రింది దుకాణమునకును ప్రభువు శ్రీరాములు గారు. గురుపీఠము నధిష్ఠించినవాడు విజయ్‌కుమార్: షణ్మాస హైదరాబాదు నివాస లబ్ధ సీ భాషా పాండిత్య మదోన్మత్తుడు, మండువేసవిలో టై కట్టు ఏకైక పవర్‌పేటవాసి, శిష్యుల సందేహములను తన పరువుపై దండయాత్రలుగా నెంచు సుకుమారుడు.

చెప్పులు గుమ్మము బయట విడిచి, చలువరాతి నేలపై పాదములు జివ్వుమనుచుండగా శిష్యులు లోనికేగుదురు. యంత్రములు తక్కువ, శిష్యులు మిక్కిలి. కావున యంత్రమొక్కింటికి మువ్వురు. కుర్చీలో కూర్చున్నవాడు కీబోర్డునకు రాజు. ప్రక్క స్టూలుపై నున్నవాడు మంత్రి. వెనుక నిలుచున్నది స్తంభము. ముందు వచ్చినవారికే కుర్చీ యని గురువుగారి శాసనము. చూచుటకు ఎంత నిష్పక్షపాతము! శ్రీరాములు గారి మేనల్లుడు చిట్టిబాబు ఇంటినుండి రెండు వీధులు నడచి, నెమ్మదిగా తల దువ్వుకొని వచ్చును. మండవల్లిలో చేపల చెరువు కాపలా కాయు దేవదానము కూతురు శాలిని కైకలూరులో బస్సు మారి, కొల్లేరు దాటి, మీనుల బుట్టల నడుమ ఒంటికాలిపై నిలిచి వచ్చును. బస్సు ఆమె ఆజ్ఞ వినదు. కావున కోర్సు సగము గడచినను ఆమె వ్రేలు ఒక్క మీటను నొక్కి యెరుగదు. అన్యాయము సమయపాలన వేషము ధరించి వచ్చినపుడు దానికి చప్పట్లు కొట్టు భక్తులు ఏ యుగమందును కొరతపడలేదు.

ఒక శనివారపు సాయంకాలము, శ్రీరాములు గారి ధర్మపత్ని ఉమామహేశ్వరి గారు విద్యాలయమును తొలిసారి చూడ విచ్చేసిరి. ఆమెను ఆహ్వానించుటకై గురువు స్వహస్తములతో ఒక ప్రోగ్రాము రచించియుండెను. వచ్చినవారు ఏమి చెప్పుదురో విని, దానికి తగిన బదులిచ్చుటకు యంత్రమునకు ఇఫ్ అను వివేకమును, ఇఫ్ కాదన్న వేళకు ఎల్స్ అను రెండవ త్రోవను ప్రసాదించితినని అతడు ఉదయమునుండి మీసము మెలివేయుచుండెను. చిట్టిబాబు మీట నొక్కెను. నల్లని తెరపై, ఇంగ్లీషు అక్షరములలో ముడుచుకొని కూర్చున్న తెలుగు వెలసెను:

"నమస్కారమండీ. టీ తాగుతారా? తాగితే 1, వద్దంటే 2."

ఉమామహేశ్వరి గారు మర్యాద తెలిసిన ఇల్లాలు. అడిగిన తోడనే 'ఆ, తెండి' యను అతిథి ఆ సీమలో పుట్టలేదు. మొదట వద్దనవలెను. ఆతిథేయి బ్రతిమాలవలెను. అపుడు అతిథి, ఎదుటివారి మనసు నొప్పింపలేక మాత్రమే, కొంచెము పుచ్చుకొనవలెను. కావున ఆమె చూపుడువ్రేలు చాచి, చిరునవ్వుతో, 2 నొక్కిరి.

తెర పలికెను: "సరే. వెళ్ళి రండి."

ఆమె తెర వైపు ఒకసారి, గురువు వైపు ఒకసారి చూచిరి.

"అదేంటండీ, పొమ్మంటుంది?" అనిరి ఉమామహేశ్వరి గారు.

"మీరు రెండు నొక్కారండి, మేడమ్ గారూ," అనెను గురువు. "టీ కావాలంటే ఒకటి నొక్కాలండి."

"కావాలని నేనెప్పుడన్నానండీ?"

"మరదేనండి. వద్దన్నారు, వెళ్ళమంది. కరెక్టే కదండీ!"

"వద్దంటే ఇంకోసారి అడగరా అండీ? మొన్న మా ఇంటికొచ్చి మీరూ వద్దనే అన్నారు. ఆ తర్వాత రెండు కప్పులు తాగారు. మిమ్మల్ని గుమ్మందాకా సాగనంపేశామా?"

శ్రీరాములు గారు గొంతు సవరించుకొనిరి. "విజయ్‌కుమార్ గారూ, ఏంటండీ బాబూ ఇది? నా షాపు మీద కూర్చుని మా ఇంటావిణ్ణే పొమ్మంటే ఎలాగండీ?"

"మామయ్యా, నేను సరిచేసేస్తాను," అని చిట్టిబాబు ముందుకు వంగెను. "వెళ్ళి రండి తీసేసి థాంక్యూ పెట్టేస్తాను."

అపుడు గురువు టై సవరించుకొని, చేయి గాలిలోనికి లేపి, గర్జించెను: "లాజిక్కుకి మొహమాటం ఉండదండి! కంప్యూటరుకి ఒకటీ రెండూ, అంతేనండి. అందులో తప్పు లేదు. తప్పంతా యూజర్‌దండి!" తప్పు చేసినది ఎప్పుడును గుమ్మములో నిలిచిన మనిషియే, ఇది ఆఫీసుల యందు ఏనాటినుండియో చెల్లుచున్న శాస్త్రము. అతడు దానిని యంత్రమునకు నేర్పెను, అంతే.

వెనుకనుండి స్తంభము మాటలాడెను.

"సార్, వద్దన్నవాళ్ళని మళ్ళీ అడిగితే సరిపోతుందండి. రెండు నొక్కితే వెళ్ళమనకుండా, ఆ లోపల ఇంకో ప్రశ్న, ఇంకో ఇఫ్ పెట్టాలండి."

గురువు వెనుదిరిగెను. "చేపల చెరువు గట్టు మీద లాజిక్కు కూడా పెంచుతున్నారేంటమ్మా?"

"లాజిక్కు లేదండి, టీ ఉంటుందండి. గట్టు మీదికి వచ్చినవాళ్ళు వద్దంటే మా నాన్న ఇంకో గ్లాసు కడుగుతారండి."

ఉమామహేశ్వరి గారు ఫక్కున నవ్విరి. "ఆ పిల్లని కూర్చోనివ్వండి."

శాలిని కదలలేదు. నిలుచున్న చోటినుండియే ఆమె పలికెను: "కూర్చుంటానండి. ఒక్క మాటండి. ఇది పనిచేస్తే, సోమవారం నించి కుర్చీ వంతుల ప్రకారం ఇవ్వాలండి. ముందొచ్చినవాళ్ళకని కాదండి."

"పనిచెయ్యకపోతే?" అని గురువు వెక్కిరించెను.

"కోర్సు అయిపోయేదాకా నిలబడే ఉంటానండి."

"విన్నారుగా అందరూ!" అని అతడు పొంగిపోయెను. చిట్టిబాబు రాజ్యభ్రష్టుని వలె మూల్గుచు లేచెను.

ఓహో, ఏమని వర్ణింతును! అకారాది క్రమము నెరుగని, ఏబీసీల వరుసను తృణీకరించిన, చెల్లాచెదరైన సేన వలె పరచుకొనియున్న ఆ అక్షరవ్యూహము నడుమ, ఐని వెదకి, ఎఫ్‌ను పట్టి, బ్రాకెట్టు కొరకు షిఫ్టును బొటనవ్రేలితో అదిమి, ఒక్కొక్క మీటకు ఒక్కొక్క యుద్ధము చేయుచు, వెనుక చిట్టిబాబు కిసుక్కుమనుచుండగా, ప్రక్కన గురువు గడియారము చూచుకొనుచుండగా ఆ మీనరక్షకపుత్రి పంక్తి వెంట పంక్తి నడపుచుండినంతలోనే, హా! కరెంటు పోయెను. ఏసీ నిట్టూర్చి ఆగెను. దీపము లారెను. బల్ల క్రింద, కరెంటు లేని వేళ యంత్రమునకు కాసేపు ప్రాణము పోయు యూపీఎస్ కుయ్యి కుయ్యిమని మొరవెట్టసాగెను.

"అయిపోయిందమ్మా, లే," అనెను గురువు.

"ఇంకా ఉందండి," అని ఆమె ప్రోగ్రాము నడిపించెను.

తెర టీ అడిగెను. ఉమామహేశ్వరి గారు పరీక్షింపదలచి ఈ మారు 1 నొక్కిరి.

"అలా అనకండి. కొంచెమైనా తాగండి," అనెను తెర.

"తాగుతాననే కదే నొక్కాను! మళ్ళీ బతిమాలుతుందేంటే అమ్మాయ్?"

గది గొల్లుమనెను. గురువు రెండు చేతులును జోడించి, "చూశారాండీ గట్టు మీది లాజిక్కు!" అని పరమానందభరితుడయ్యెను. తప్పు శాలినిదే, యంత్రముది కాదు. ఆమె కన్నులు చిట్లించి, తాను వ్రాసిన ఇఫ్‌ను మరల చదివెను. సమాన చిహ్నము ఒక్కటే పెట్టినది! సీ భాషలో రెండు పెట్టిన, 'అతిథి రెండన్నారా?' యని అడిగినట్లు. ఒక్కటే పెట్టిన, అతిథి ఏమన్నను ఆ మాటను చెరిపి రెండుగా చేసినట్లు. అడిగితినని అనుకొని ఆమె అతిథి నోట తన జవాబును కుక్కినది. ఇన్నాళ్ళు ఒక్క మాటయు అడుగక తన్ను స్తంభముగా నిలిపినవారు చేసినదియు సరిగా అదియే.

యూపీఎస్ ఇపుడు ఎడతెగక ఒక్కటే కూత కూయుచుండెను. ఆమె చెమట వ్రేలితో రెండవ సమాన చిహ్నమును నిలిపెను.

"ఇప్పుడు నొక్కండమ్మా. ముందు వద్దనండి."

ఉమామహేశ్వరి గారు 2 నొక్కిరి.

"అలా అనకండి. కొంచెమైనా తాగండి. 1 గానీ 2 గానీ నొక్కండి."

ఆమె ఒక్క క్షణము మర్యాదకొరకు ఆగి, 1 నొక్కిరి.

"కూర్చోండి. టీ వస్తోంది."

మరుక్షణమే తెర నల్లబడెను. యూపీఎస్ ప్రాణము విడిచెను.

చీకటిలో మొదట లేచినది గురువు కంఠము. "సేవ్ చెయ్యలేదండి! ప్రోగ్రాము పోయిందండి. కరెంటొచ్చాక ఏం చూపిస్తుంది? ఇది లెక్కలోకి రాదండి." ఓడినవానికి చట్టము జ్ఞాపకము వచ్చు వేగము మెరుపునకైనను లేదు.

"ఎందుకు రాదండీ?" అనెను ఉమామహేశ్వరి గారి కంఠము. "నన్ను కూర్చోమంది, కూర్చున్నాను. మీది పొమ్మంది, అదీ చూశాను. వంతులు పెట్టండి."

"వంతులు పెట్టండి, బాబూ," అనిరి శ్రీరాములు గారు. "టీ కూడా చెప్పండి."

టై కట్టిన ఏకైక పవర్‌పేటవాసి చీకటిలో తడుముకొనుచు, చెప్పులు వెదకికొని, మెట్లు దిగి, టీ తేబోయెను.

సోమవారము మండవల్లి బస్సు ఎప్పటివలెనే ఆలస్యమయ్యెను. శాలిని గదిలో అడుగిడినపుడు చిట్టిబాబు గోడ గడియారము వంక చూచి, గురువు వంక చూచి, ఎటునుండియు సాయము రాకపోగా లేచి నిలిచెను. ఆమె కూర్చుండెను. మాయమైన ప్రోగ్రామును మొదటి పంక్తినుండి మరల కొట్టనారంభించెను.

దిక్కులారా, వినుడు! దుందుభులు మ్రోగింపుడు! కొల్లేటి సీమ వీరనారి సాధించినది విరిగిన చక్రముగల కుర్చీ, అదియును వంతుకు అరగంట. ఆ అరగంటలో ఆమె తొలుత చేసిన పని: సేవ్.