చెరువు మీద పచ్చిక

పైనుంచి చూస్తే పచ్చగా ఉన్నదంతా పచ్చికేనని పచ్చదనాభివృద్ధి కార్యాలయం తీర్మానించిన రోజున మానవజాతి ఒక మెట్టు పైకెక్కింది (ఆ మెట్టు మీద పాచి ఉంది, చూసి అడుగేయండి).

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. నీటి వెంట యూరియా కూడా ఎరుగుతుందని వాళ్లు చెప్పలేదు. పాపం, అప్పటికి బస్తాలు రాలేదు. ఎగువ పొలాల్లో పైరు తినగా మిగిలిన నత్రజని, భాస్వరం వానతో పాటు చెరువులోకి దిగాయి. నాచు వాటిని సుష్ఠుగా తిని, నెల తిరక్కుండా నీళ్లను కప్పేసింది. అడుగున కుళ్లిన నాచు నీళ్లలోని ప్రాణవాయువును కాజేయడంతో చేపలు తేలడం మొదలైంది. ఆ చెరువునే నమ్ముకున్న జాలరి ఒక తట్ట నిండా చచ్చిన చేపలతో కార్యాలయానికి వెళ్లాడు.

పర్యవేక్షకుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆకాశం నుంచి తీసిన ఫోటో చూపించాడు. కొలతలన్నీ అందులోనే తీస్తారు (దిగి చూసే పద్ధతి లేదు, చెప్పులు తడుస్తాయి).

"అది చెరువు కాదయ్యా, పచ్చిక మైదానం. ఈ ఏడాది మా లక్ష్యం దాంతోనే పూర్తయింది."

"మైదానమైతే నా పడవెలా తేలుతోంది సార్?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా. పచ్చిక మీద వాహనాలు నడపకూడదు."

నాచు తీయించమని, ఎరువు నీళ్లొచ్చే కాలువకు అడ్డుకట్ట వేయమని జాలరి అర్జీ పెట్టాడు. వారంలోనే జవాబొచ్చింది (అంత తొందరగా వస్తే భయపడాలని అనుభవజ్ఞులకు తెలుసు). కాలువకు అడ్డుకట్ట వేస్తే పచ్చిక వాడిపోతుంది కాబట్టి వేయరట. పైగా దాని పోషణకు నలభై బస్తాల యూరియా మంజూరైంది. చల్లడానికి జాలరి పడవనే స్వాధీనం చేసుకుని, వాహన నిషేధాన్ని ఆ ఒక్క రోజుకు సడలించారు.

"ఉన్న నాలుగు చేపలూ పోతాయి కదయ్యా, నీ చేతుల్తోనే చల్లొచ్చావా?" అంది భార్య.

"చల్లకపోతే పడవ తిరిగి ఇచ్చేది లేదన్నారే," అన్నాడు జాలరి. ఆ పూట ఇద్దరికీ అన్నం సయించలేదు.

నాలుగో రోజుకి చెరువులో ఒక్క చేప మిగల్లేదు. రోగం కాదని తేలాలి కాబట్టి, చేపలెలా చచ్చాయో కార్యాలయం నుంచి కాగితం తెస్తే పక్క చెరువులో వల వేసుకోనిస్తామన్నారు అక్కడివాళ్లు. జాలరి బతిమాలితే పర్యవేక్షకుడు స్వయంగా వచ్చాడు. గట్టు మీద నిలబడి, తన మైదానాన్ని తృప్తిగా చూసుకుని, అందులోకి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి పీకల్లోతు మునిగాడు. జాలరే జుట్టు పట్టుకుని బయటికి లాగాడు.

పర్యవేక్షకుడు నాచు ఉమ్మేసి, మైదానంలో అక్కడక్కడా తేమ ఉన్నట్టు నమోదు చేశాడు.

"మరి నా కాగితం సార్?" అన్నాడు జాలరి.

ప్రాణం కాపాడినవాడి మాట కాదనలేక, నీళ్లోడుతున్న చేత్తోనే రాసిచ్చాడు: "చేపల మరణానికి కారణం: నీళ్లు లేనిచోట ఉండటం."