ఫ్రిజ్‌లో నాలుగోవాడు

ఆ రోజు పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఆడపడుచు వస్తుంది. అత్తగారు ఆవిడ ముందు పళ్ళెం పెడుతుంది. పళ్ళెంలో ఉన్నది చూసి ఆవిడ ఇక మారు మాట్లాడదు. కోడలు వేసిన పథకంలో ఇంతకన్నా ఏమీ లేదు.

ఆడపడుచు బడిలో హెడ్మిస్ట్రెస్. ఇంట్లో కూడా హెడ్మిస్ట్రెస్సే. అమ్మకి మతి తప్పుతోందని ఆవిడకి నెలరోజులుగా అనుమానం. పోయినసారి ఫోన్లో అమ్మ ఒకే సంగతి రెండుసార్లు చెప్పిందట. స్వయంగా వచ్చి చూసి, అనుమానం నిజమైతే తన క్వార్టర్స్‌కి తీసుకుపోతానని కబురు చేసింది. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. అత్తగారికి వెళ్ళాలని లేదు. కోడలికి పంపాలని అసలే లేదు. ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళయినా, ‘నీకేం తినాలనుంది’ అని ఆమెను అడిగిన మనిషి అత్తగారొక్కతే. కొడుకు అభిప్రాయం ఏమిటో తెలియదు. అక్క వస్తోందని వినగానే అతను గంట ముందే ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

మతి తప్పినవాళ్ళు గ్రాము తేడా రాకుండా తూచగలరా? ఇదీ కోడలి వాదం. అందుకే జపాన్ వాళ్ళ నీటిబొట్టు మిఠాయిని ఎంచుకుంది. సముద్రపు నాచు పొడి చిటికెడు, పంచదార కాస్త, మిగతాదంతా నీళ్ళు. మరగబెట్టి గుండ్రటి గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెడితే, ఆకు మీది నీటిబొట్టు అరచేయంత పెరిగినట్టు నిలబడుతుంది. పొడి తగ్గితే కారిపోతుంది, ఎక్కువైతే రబ్బరు బంతి అవుతుంది. మొదటి రోజుది పేరుకోనేలేదు. రెండోది కింద పడితే ఎగిరింది. మూడోది పళ్ళెంలో బోర్లించగానే నిట్టూర్చినట్టు కూలిపోయింది. నాలుగోదానికి అత్తగారు తెల్లవారకముందే లేచి, కళ్ళజోడు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి చిన్న త్రాసులో పొడి తూచింది. అది నిలబడింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అత్తగారు ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. వాళ్ళ గదిలో ప్రతి లైనునూ ‘వాడు’ అనేవాళ్ళు. ఏడోవాడు పోయాడు, తొమ్మిదోవాడు పలుకుతున్నాడు అని. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు ఆవిడను వదల్లేదు.

ఎనిమిదిన్నరకి ఫోను మోగింది. కూతురు.

“ఎలా ఉన్నావమ్మా?”

“నాకేం, నిక్షేపంలా ఉన్నాను. నిద్రే సరిగ్గా లేదు. మూడు రోజుల్లో ముగ్గురు పోయారు కదా.”

“ఎవరు పోయారు?”

“మొదటివాడికి ఒంట్లో సత్తువ లేదు. రెండోవాడు మరీ బిగుసుకుపోయాడు. మూడోవాడు నా కళ్ళముందే కూలిపోయాడు. నాలుగోవాడు మాత్రం నిలిచాడే. ఫ్రిజ్‌లో ఉన్నాడు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“ఫ్రిజ్‌లో ఎవరున్నారమ్మా?”

“అది మాత్రం చెప్పను. వచ్చి నువ్వే చూద్దువుగాని. తలుపు తీస్తే చాలు, వణికిపోతున్నాడు పాపం.”

అత్తగారు ఫోను పెట్టేసి, “ఎక్కడా బయటపడలేదు చూశావా,” అని కోడలితో గర్వంగా చెప్పింది.

ఇది ఫోనులో తేలే సంగతి కాదనుకుంది కూతురు. ఊరికి కొత్తగా వచ్చిన మానసిక వైద్యుడొకాయన ఉన్నాడని విని, వెంటనే ఫోను చేసింది. మా అమ్మకి మతి పోయిందని పరాయివాడితో అనడానికి నోరు రాలేదు. “మాకు బాగా కావలసిన ఒకావిడండీ. లేనిది ఉందంటోంది. పదిన్నరకల్లా రండి,” అని ఇల్లు ఎక్కడో చెప్పి, తాను పదింటికే అక్కడ దిగింది.

ఆ రోజు ఎండ లేదు. ఆకాశం, కిటికీ, గోడ ఒకటే తెలుపులో కలిసిపోయి ఉన్నాయి. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది. పిలిస్తే ఎవరూ పలకలేదు. లోపల ఫ్రిజ్ ఒక్కటే సన్నగా మూలుగుతోంది, ఎక్కడో ఏదో మాడిన వాసన. గళ్ళ గుడ్డ పరిచిన బల్ల ముందు అమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ గాజుపళ్ళెం. అమ్మ దాని మీదికి వంగి, “కదలకు నాన్నా, ఇంకాస్త ఓపిక పట్టు,” అని గుసగుసలాడుతోంది.

హెడ్మిస్ట్రెస్ చంకలోని గొడుగు బిగించి పట్టుకుంది.

“ఎవరితోనమ్మా మాటలు?”

“అప్పుడే వచ్చావా! వీడేనే, నాలుగోవాడు. ఎంత ముద్దొస్తున్నాడో చూడు.”

“పళ్ళెంలో ఏమీ లేదమ్మా.”

“ఉందండీ వదినగారూ,” అంటూ కోడలు వంటింట్లోంచి నల్లటి గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. “జపాన్ వాళ్ళ మిఠాయి. కనబడదంతే. పైన పాకం పోస్తే కనబడేది. పాకం మాడిపోయింది.”

“కనబడని మిఠాయా? నీక్కూడా అంటుకుందా!”

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. నాలుగు రోజుల కష్టం పళ్ళెంలో ఊగుతుంటే, దాన్ని చూసే కళ్ళు మాత్రం ఎదుటి మనిషికి లేవు. దగ్గరికొచ్చి చూడమని బతిమాలింది.

హెడ్మిస్ట్రెస్ వంగి చూసింది. పళ్ళెం ఖాళీయే. కానీ పళ్ళెం కింద గుడ్డ మీది గళ్ళు మధ్యలో ఉబ్బి ఉన్నాయి. అమ్మ మెల్లగా ఊదింది. గళ్ళు వణికాయి. కిటికీ మూసే ఉంది, గుడ్డ కదల్లేదు, గళ్ళు మాత్రం ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. హెడ్మిస్ట్రెస్ గొడుగును రెండు చేతులా పట్టుకుంది.

“నోరు తెరువు,” అంది అమ్మ, చెంచా ఎత్తి.

చిన్నప్పుడు మందు తాగించిన గొంతు అది. ఆ గొంతుకి యాభై రెండేళ్ళ హెడ్మిస్ట్రెస్ నోరు దానంతటదే తెరుచుకుంది. చెంచాలో ఏమీ లేదు. ఆ ఏమీ లేనిది చల్లగా నాలుక మీద వాలి, ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, జర్రున గొంతులోకి జారింది. రుచీ లేదు, వాసనా లేదు. లోపలికి వెళ్ళినట్టు మాత్రం స్పష్టంగా తెలిసింది.

ఆవిడ పెట్టిన కేకకి పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. ఎగిరి గంతేసిన ఊపుకి బల్ల ఒరిగింది. పళ్ళేన్ని కోడలు పట్టుకుంది. పళ్ళెంలోవాడు జారిపోయాడు.

“అయ్యో, ఎటు పోయాడు?” అంది అత్తగారు.

ఎటు పోయాడో ఎవరికి తెలుస్తుంది? నేల తెల్లరాయి, పడినవాడు గాజులాంటివాడు. తొక్కితే జారిపడి కాళ్ళు విరుగుతాయని ముగ్గురూ చేతుల మీదా మోకాళ్ళ మీదా పాకుతూ తడమడం మొదలెట్టారు. సరిగ్గా అప్పుడే డాక్టరు గుమ్మంలోకి వచ్చాడు.

“ఏం పోయిందమ్మా?”

కొత్త మనిషిని చూసి అత్తాకోడళ్ళు మర్యాదగా లేచి కుర్చీల్లో సర్దుకున్నారు. నేలమీద మిగిలింది ఒక్కరే.

“అక్కడే ఆగండి!” హెడ్మిస్ట్రెస్ గొడుగు అడ్డం పెట్టింది. “ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. కనబడడు. సగం నేను మింగేశాను!”

డాక్టరు చెప్పులు విడిచి, చాలా మెత్తగా నడుచుకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“అలాగేనమ్మా. మీరేం చేస్తుంటారు?”

“నేను హెడ్మిస్ట్రెస్‌ని. మీకు ఫోను చేసింది నేనే!”

“తప్పకుండానమ్మా. మీరే చేశారు,” అని ఆయన పెద్దావిడ వైపు తిరిగాడు. “మీకేమవుతారు?”

“కూతురండీ.”

“ఎన్నాళ్ళ నుంచి ఇలా?”

“చిన్నప్పటి నుంచీ అంతేనండీ. ఎవరి మాటా వినదు.”

“అది మిఠాయి డాక్టరుగారూ,” అంది కోడలు. “నిజంగా కనబడదు.” డాక్టరు ఆమె వైపు చూసి, అలిసిపోయిన ఇల్లాలు, రోగి మనసు కష్టపెట్టకూడదని వంత పాడుతోందనుకున్నాడు.

“తొందరేం లేదు, నిదానంగా చెప్పండి,” అన్నాడు హెడ్మిస్ట్రెస్‌తో. “ఆ పళ్ళెంలో నిజంగా ఏమైనా ఉండేదా, లేదా?”

ఆవిడ గొడుగు దించింది. లేదంటే తాను బయటపడుతుంది. అప్పుడు ఆయన చూపు అమ్మ మీదికి తిరుగుతుంది. అమ్మ బల్ల కింద కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉండటం నేల మీద నుంచి స్పష్టంగా కనిపించింది. అమ్మ తనకి భయపడుతోందని ఆవిడకి ఆ క్షణందాకా తెలియదు. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేత నిజం చెప్పిస్తున్న మనిషికి అబద్ధం ఆడటానికి నోరు రాలేదు.

“ఉండేది,” అంది. “మా అమ్మ చెప్పింది నిజమే. కనబడనిది నాకే.”

డాక్టరు జాలిగా తలూపి చీటీ రాశాడు. పదిరోజులు పూర్తి విశ్రాంతి. బడి మాట ఎత్తకూడదు. ఒంటరిగా వదలకుండా, స్థిమితంగా ఉన్న పెద్దవాళ్ళ దగ్గర ఉంచాలి. అత్తగారు అసలు సంగతి చెప్పబోయింది. కూతురు పదిరోజులు ఇక్కడే ఉంటుందని వినగానే నోరు మూసుకుంది.

“నా దగ్గరే ఉంటుందండీ,” అని మాత్రం అంది. “నేను చూసుకుంటాను.”

నాలుగోవాడు మళ్ళీ దొరకలేదు. సాయంత్రం దాకా ముగ్గురూ గోడ పట్టుకునే నడిచారు. హెడ్మిస్ట్రెస్ బడికి సెలవు చీటీ రాయడానికి కూర్చుని, కారణం దగ్గర చాలాసేపు ఆలోచించి, చివరికి ‘కనబడనిది తినడం వల్ల’ అని రాసి సంతకం పెట్టింది.