ఓపీ బెంచీ మీద హైమవతి మూర్ఛ

హైమవతి మూర్ఛ ఆమె ఒంట్లోంచి దిగి పెద్దాసుపత్రి బెంచీ మీద కూర్చుని గంట దాటింది. ఓపీ మూసేలోగా అది ఏ రకమో తేలకపోతే నుదుటి మీద ‘నటన’ అని ముద్ర వేసి పంపేస్తారు. ఆ ముద్ర పడితే ఇక వైద్యం లేదు. చుట్టాల్లో హైమవతి మాటకు విలువా ఉండదు.

పక్కనే భర్త ఏకాంబరం. ఆయన చీరల కొట్లో సేల్స్‌మన్. నోరు తెరవకముందే ఎవరికేం కావాలో చెప్పేస్తాడని పేరు. భార్యంటే ప్రాణం. ఆమె గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టి, మూర్ఛకు కూడా మజ్జిగ పట్టించాడు. ఆమె పేరు, వయసు, నొప్పి ఎక్కడో అన్నీ తనే చెప్పాడు, ఆమెకు శ్రమ ఎందుకని.

ముందుగా బస్సు కండక్టర్ మస్తాన్ మూర్ఛ వంతు వచ్చింది. దాని కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పుడొచ్చావంటే గుర్తులేదంది. కాసేపటికి డాక్టరమ్మ అడిగిందేమిటో కూడా మరిచిపోయింది. పక్కన ఎవరున్నా లేకపోయినా, నిద్రలో ఉన్నా వచ్చేస్తుందట. ‘మెదడు’ ముద్ర వేసి, మాత్రలు రాసి, మస్తాన్‌కు అప్పగించారు.

హైమవతి మూర్ఛ కళ్లు గట్టిగా మూసుకుంది. దానికి అన్నీ గుర్తే.

“మొదటిసారి చీరల కొట్లోనే వచ్చానండి. తమ్ముడి పెళ్లికని ఆవిడ ఏదో రంగు అడగబోయింది. ఈలోగా ఈయన నెమలికంఠం రంగు చీర మడత విప్పేశారు.”

“మా ఆవిడకి అదే ఇష్టమండీ,” అన్నాడు ఏకాంబరం మురిపెంగా.

అప్పుడేమనిపించిందని డాక్టరమ్మ అడిగింది. మూర్ఛ పెదాలు కదిలాయి గానీ మాట దొరకలేదు. గుమాస్తా ‘నటన’ ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

డాక్టరమ్మ ఆపింది. ఇది నటన కాదనీ, మనసు మూర్ఛ అనీ, పడటమూ దెబ్బలూ నిజమేననీ చెప్పింది. బయటికి రాని మాటే ఒంటిని పట్టి కుదుపుతోందట. ఆ మాటను ఆపుతున్నదెవరో రోగి నోటితో చెబితే ‘మనసు’ ముద్ర వేస్తుంది.

“చెప్పమ్మా. నీ మాటకు అడ్డుపడుతున్నదెవరు?”

హైమవతి నోరు తెరిచింది. భర్త వైపు తిరిగింది. పెదవి వణికింది. ఆ ముఖం చదవడం ఏకాంబరానికి ఇరవయ్యేళ్ల అలవాటు. చదివాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అలా అవస్థ పడుతుంటే చూడలేకపోయాడు.

బెంచీ మీది మూర్ఛ లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తిరిగి హైమవతి వైపు నడిచింది.

“ఆ అడ్డు నేనేనటండీ,” అన్నాడు ఏకాంబరం.