తప్పుకొక చప్పట

ఆ ఉదయం అత్తగారు, కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వంట తొందరగా ముగించి, ఫ్యాను, ఫ్రిజ్ ఆపేసి, దయ్యాల పుస్తకంలో మిగిలిన చివరి అధ్యాయాన్ని చదివి రికార్డు చేసెయ్యాలి. రాత్రికి దాన్ని దిద్ది పంపిస్తే పుస్తకం పూర్తవుతుంది.

రాసినవాళ్ళు కన్నుమూసి చాలా ఏళ్ళయిన పుస్తకాల మీద ఎవరికీ హక్కులుండవు. అలాంటివాటిని చదివి, రికార్డు చేసి, ఎవరైనా ఊరికే వినేలా ఇంటర్నెట్‌లో పెట్టే బృందం ఒకటుంది. అందులో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. జీతం లేదు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం చేస్తుంది. భర్త పోయాక ఇంట్లో మాటలు తగ్గిపోయి, తన గొంతు తనకే కొత్తగా వినిపించిన రోజుల్లో ఆ బృందంలో చేరింది. ఆమె వంతుకు వచ్చినవన్నీ దయ్యాల కథలే.

"రాసినాయన కూడా ఈపాటికి ఆ జాతిలోనే కలిసుంటాడు. తప్పు చదివావో, వచ్చి అడుగుతాడు," అని అత్తగారు మొదటి రోజే హెచ్చరించింది.

స్టూడియో అంటే పడకగదిలో గోడకున్న బట్టల అల్మారా. కింది అర తీసేసి, చుట్టూ బొంతలు, దుప్పట్లు వేలాడదీసి, మైకు, టార్చిలైటు పట్టుకుని కోడలు అందులో కూర్చుంటుంది. తలుపు బెత్తెడు తెరిచి ఉంచకపోతే ఊపిరాడదు. ఆ సందు పక్కనే కుర్చీలో అత్తగారు. ఒళ్ళో అదే పుస్తకం, పెద్ద అక్షరాల్లో తీయించిన జిరాక్సు. కోడలు చదువుతుంటే ఆవిడ వేలు పెట్టి వెంటబడుతుంది. తప్పు దొర్లగానే గట్టిగా ఒక చప్పట కొడుతుంది. కోడలు ఆ వాక్యం మళ్ళీ చదువుతుంది. దిద్దేటప్పుడు కంప్యూటరు తెర మీద ఆ చప్పట పొడవాటి గీతలా లేచి కనిపిస్తుంది కాబట్టి, ఎక్కడ కోసెయ్యాలో వెతుక్కునే బాధ ఉండదు.

కోడలి తప్పులు పట్టే పని, అదీ అధికారికంగా! ఇంతకంటే మంచి ఉద్యోగం ఏ అత్తగారికి దొరుకుతుంది? చిన్న తప్పుకు చిన్న చప్పట, పెద్ద తప్పుకు పిడుగు. ఆ అక్షరాలు తనకు నేర్పింది ఆ కోడలేనన్న సంగతి చప్పట కొట్టేటప్పుడు ఆవిడకు గుర్తుండేది కాదు. కొడుకు పోయిన ఏడాది, నిద్ర పట్టని ఇద్దరూ వంటగదిలో కూర్చుని అ ఆ లతో మొదలుపెట్టారు.

అప్పట్లోనే కూతురు తన ఇంటికి వచ్చెయ్యమంది. ఆవిడ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఎవరికీ చెప్పలేదు, కోడలికి అసలే చెప్పలేదు. చెప్పిందల్లా ఫిర్యాదులే. కూతురు రోజూ ఫోన్ చేస్తుంది. బాగున్నానంటే రెండు మాటల్లో పెట్టేస్తుంది. కోడలి మీద ఏదో ఒకటి చెబితే మాత్రం, "అయ్యో, తర్వాత?" అంటూ చాలాసేపు ఉంటుంది. ఆ 'తర్వాత' కోసం అత్తగారు రోజుకొక ఫిర్యాదు వండిపెట్టేది.

ఆ రోజు చివరి అధ్యాయం కాస్త చిక్కుది. పాత బంగళాలో ముసలి యజమానురాలిని బంధువు ఒకడు గదిలో పెట్టి నిలదీస్తాడు. ఆవిడ చచ్చి దయ్యమవుతుంది. కోడలు గొంతు బొంగురు చేసి మొదలుపెట్టింది.

"తాళాలెక్కడ దాచావే ముసలీ? చెప్పకపోతే ఈ గదిలోంచి ప్రాణాలతో బయటికెళ్ళవు!"

ఎక్కడో ఒక మాట మింగింది. చప్పట పడింది.

"తాళాలెక్కడ దాచావే ముసలీ?"

మళ్ళీ చప్పట. ఈసారి కోపం చాలలేదని.

కింది ఇంట్లో ఉండే నర్సమ్మ ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతూ ఇదంతా వింది. నాలుగో చప్పటకు చేతిలోని తువ్వాలు జారిపోయింది. పరుగున మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది.

అత్తగారు తలుపు ఓరగా తీసి పెదవుల మీద వేలు పెట్టింది. "ఇష్! మెల్లగా. లోపల మా కోడలుంది. చప్పుడైతే మళ్ళీ మొదటికొస్తుంది."

నర్సమ్మ చూపు ఆ వేలి మీంచి అరచేతికి జారింది. ఎర్రగా కందిపోయి ఉంది.

"పెద్దమ్మా, ఈ చేతులేంటి ఇలా?"

"ఏం చెయ్యను? ఇవాళ తప్పులెక్కువయ్యాయి," అని గుసగుసగా చెప్పి అత్తగారు తలుపు వేసేసింది. కథ మంచి పట్టులో ఉంది మరి.

నర్సమ్మ మెట్లు దిగుతూనే అత్తగారి కూతురికి ఫోన్ చేసింది. అధ్యాయం ఇంకా సగంలో ఉండగానే కూతురు, అల్లుడు కారులో వచ్చి దిగారు. వెనకే నర్సమ్మ. ముగ్గురూ హాల్లో నిలబడ్డారు.

"అమ్మా, చేతులు చూపించు!" అంది కూతురు.

"అవి నేను కొట్టుకున్నవేనే. గట్టిగా అరవకు."

"విన్నారా?" అంది నర్సమ్మ. "ఆస్పత్రికొచ్చే వాళ్ళందరూ ఇదే మాటండీ. జారిపడ్డాను, తలుపు తగిలింది, నేనే కొట్టుకున్నాను. తాళాల కోసం ఈవిణ్ణి చంపుతానంటుంటే నా చెవులారా విన్నాను."

"అయ్యో, ఆ మాటన్నది మా కోడలు కాదు తల్లీ. దయ్యాల కథలో మనిషి."

"ఎక్కడున్నాడు?" అన్నాడు అల్లుడు, కొంచెం వెనక్కి జరిగి.

"అల్మారాలో," అంది అత్తగారు కంగారులో.

నర్సమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "మనసు కూడా దెబ్బతిందమ్మా."

అత్తగారు ఏం చెప్పినా ఎదురు తిరుగుతోంది. ఇక ఒకటే దారి కనిపించింది. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ అనని మాట, ఇల్లంతా వినిపించేలా అనేసింది.

"మా కోడలు బంగారం! విన్నారా? నన్ను పల్లెత్తు మాట అనదు. నాకు అక్షరాలు నేర్పింది. అలాంటి పిల్ల మీకెక్కడా దొరకదు!"

కూతురు కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, విన్నారా? అమ్మ వదినని మెచ్చుకుంటోంది! ఎంత భయపెట్టకపోతే ఆ నోట ఈ మాటొస్తుంది? పదండి, బ్యాగు సర్దండి!"

సరిగ్గా అప్పుడు పడకగదిలో అల్మారా తలుపు కిర్రుమంది. జుట్టు రేగి, చెమటతో తడిసి, నెత్తి మీద బొంత, గడ్డం కింద టార్చిలైటుతో కోడలు గుమ్మంలోకి వచ్చింది. అల్లుడు "అమ్మో!" అని చెప్పుల స్టాండు మీద కూర్చున్నాడు. అది అతని బరువును మోయలేదు.

సంగతి విని కోడలు నవ్వలేదు, ఏడవలేదు. కంప్యూటరు తెచ్చి ఆ రోజు రికార్డింగు మొదటినుంచీ పెట్టింది. తాళాలెక్కడ దాచావే ముసలీ. చప్పట. తాళాలెక్కడ దాచావే ముసలీ. చప్పట. నర్సమ్మ ముఖం పాలిపోయింది. కూతురు పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"భలే చదువుతున్నారే అక్కయ్యగారూ!" అన్నాడు అల్లుడు, కింద కూర్చునే. "ఆపకండి, ఉండనివ్వండి."

"ఇక చాలులెండి," అంటూ కోడలు చెయ్యి చాపింది. ఆలస్యమైపోయింది. ఆ రోజు కూతురు చేసిన ఫోన్ రికార్డింగులో మోగింది. ఆ వెనకే అత్తగారి గొంతు, దూరంగా అయినా స్పష్టంగా వచ్చింది. "ఏముందే, నన్ను మనిషిలా చూసేదెవరు? అల్మారాలో దూరి దయ్యాలతో మాట్లాడుతుంది గానీ నాతో మాట్లాడదు. వాడే పోయాక దానికి నేనెవర్ని? నన్ను ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిపోవే తల్లీ."

కోడలు ఆపేసింది. కోడలు అల్మారాలో దూరితే దాని చెవులు కూడా మూసుకుంటాయని అత్తగారు అనుకుంది. తలుపు సందు సంగతి, మైకు సంగతి ఆలోచించలేదు.

"ఇవి రోజూ వస్తుంటాయి," అంది కోడలు మామూలుగా. "రాత్రి దిద్దేటప్పుడు కోసేస్తుంటాను. హారన్లు, కుక్కల అరుపులు, కుక్కరు కూతలు, ఇవీ. బయటి చప్పుళ్ళు ఉండకూడదు కదా అత్తయ్యా."

ఆ గొంతులో కోపం ఉండుంటే అత్తగారికి తేలికగా ఉండేది.

"దెబ్బలు అబద్ధమేలే," అంది కూతురు. "కానీ తీసుకెళ్ళమని అమ్మ అడిగింది నిజమేగా? మనందరం విన్నాం. నేను తీసుకెళ్తాను వదినా."

"ఆవిడ ఇష్టం," అంది కోడలు.

వెళ్ళకండి అంటుందేమోనని అత్తగారు చూసింది. వెళ్ళను అంటుందేమోనని కోడలు చూసింది. ఇద్దరూ తప్పే చదివారు. చప్పట కొట్టేవాళ్ళు లేరు. అత్తగారు కళ్ళజోడు, జిరాక్సు కాగితాలు బ్యాగులో పెట్టుకుని కారెక్కింది.

కూతురి ఇల్లు పెద్దది. మంచం మెత్తనిది. అందరూ పనుల మీద బయటికి పోతే మధ్యాహ్నాలు గోడలు చూస్తూ గడవాలి. తల్లి ఎదురుగానే ఉంది కాబట్టి కూతురికి ఫోన్ చేసే పని లేదు. ఫిర్యాదులు లేవు కాబట్టి కూర్చుని మాట్లాడే పనీ లేదు. 'తర్వాత?' అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. హారన్లూ కుక్కలూ పోగా రోజూ ఎంతసేపు తన గొంతు వింటూ కూర్చుందో ఆ పిల్ల అని అత్తగారు ఆ గోడలు చూస్తూ లెక్క వేసుకునేది. లెక్క తేలేది కాదు.

ఒక సాయంత్రం అల్లుడు ఫోన్ పట్టుకొచ్చాడు. "అత్తయ్యగారూ, మీ దయ్యాల చివరి అధ్యాయం వచ్చేసింది."

ఆవిడ కాగితాలు తీసి వేలు పెట్టి వెంటబడింది. మధ్యలో ఒకచోట కోడలు ఒక మాట మింగేసింది. అత్తగారి చేతులు వాటంతటవే కలిసి టప్పుమన్నాయి. వంటింట్లోంచి కూతురు, "ఎవర్నమ్మా కొట్టావు?" అంది.

కథలో బంగళాలో చీకటిపడింది. ముసలావిడ ప్రాణం పోతోంది. అంతటా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో దూరంగా ఒక గొంతు వినిపించింది. "మా కోడలు బంగారం! విన్నారా?"

వేలు కాగితం మీద ఆగిపోయింది. కుక్క అరుపును కూడా వదలని మనిషి, దాన్ని కొయ్యలేదు.

"విన్నవాళ్ళు కింద రాశారు, చూడండి," అన్నాడు అల్లుడు. "'కథంతా బాగుంది, వణికిపోయాం. మధ్యలో ఆ ముసలావిడ కోడల్ని మెచ్చుకోవడం మాత్రం నమ్మేలా లేదు. అసలు పుస్తకంలో అది ఉండదు. దయచేసి తీసెయ్యండి.' ఇలాంటివి చాలా ఉన్నాయండీ."

అత్తగారు ఫోన్ చేసింది. క్షమించమ్మా అనే మాట గొంతు దాకా వచ్చి, బయటికి మరోలా పడింది.

"అమ్మాయ్, ఆ మెట్లెక్కేచోట ఒక మాట మింగావు."

"చప్పట కొట్టేవాళ్ళు లేరు కదా, అత్తయ్యా. ఇంకొకటి తీసెయ్యమని రాస్తున్నారు. తియ్యనా?"

"అది తప్పు కాదుగా."

"ఏమో. మీరే చెప్పాలి."

"కాదు. ఉంచు." అత్తగారు గొంతు సవరించుకుంది. "నేను ఫోన్లో అన్నవన్నీ ఎక్కడన్నా ఉన్నాయా?"

"లేవు. కోసినవి దాచను."

"నువ్వు విన్నావుగా."

"విన్నాను."

కొయ్యడానికి కూడా ఏమీ లేనంత నిశ్శబ్దం. చివరికి కోడలే అంది. "కొత్త పుస్తకమిచ్చారు. ఇదీ దయ్యాలదే. మీకు జిరాక్సు తీయించనా, వద్దా?"

"పెద్దక్షరాల్లో తీయించు. వస్తున్నా."

ఆ పుస్తకం విన్నవాళ్ళందరూ గోడలోంచి నడిచొచ్చిన దయ్యాన్ని నమ్మారు. కోడలిని మెచ్చుకున్న అత్తగారిని మాత్రం ఇప్పటికీ ఒక్కరూ నమ్మడం లేదు.