విన్నట్టు కార్డులు

ఈ నెల పన్నెండో తేదీ ఉదయం పది గంటలకు మంత్రిగారు యావత్ ప్రపంచాన్ని ఉద్దేశించి రేడియోలో ప్రసంగిస్తారనీ, అందుకయ్యే కరెంటు రెండు వాట్లు మాత్రమేననీ ప్రకటన వెలువడింది. ఇంత పొదుపైన మంత్రి దొరకడం ప్రజల అదృష్టం.

ఆ రెండు వాట్లు నిజానికి వాచీ మెకానిక్‌వి. సబ్బుపెట్టెలో తనే టంకం పెట్టి చేసుకున్న రేడియో సెట్టు, డాబా మీద రెండు పైపుల మధ్య బారెడు రాగితీగ, ఆదివారమైతే ఆ సరంజామా సంచిలో వేసుకుని గుట్టెక్కడం, ఇదీ ఆయన సరదా. మన మాట విన్న అవతలివాడు విన్నానని కార్డు రాసి పంపుతాడు. ఈ ఆటలో అదే మర్యాద, అదే బహుమతి. ఆరేళ్లలో ఆయనకు పదకొండు కార్డులొచ్చాయి. ఇంతలో డాబా మీది తీగ తీసెయ్యమని పురపాలక ఆఫీసు నోటీసు ఇచ్చింది. అనుమతి కోసం పదకొండు కార్డులూ జతచేసి దరఖాస్తు పెట్టి, చెప్పులరిగేలా తిరిగాడు పాపం.

"మంత్రిగారు మీ డాబా మీద మాట్లాడితే అనుమతి మీ జేబులో ఉన్నట్టేనండీ," అన్నాడు ఆఫీసరు.

పన్నెండో తేదీన మంత్రిగారు డాబా ఎక్కి సబ్బుపెట్టెను ఎగాదిగా చూశారు.

"రెండు వాట్లేనా? నా స్థాయికి?"

"తక్కువ శక్తితో ఎక్కువ దూరం వెళ్లడమే సార్ ఇందులో గొప్ప."

"అచ్చం నాలాగే," అని ఆయన సంతోషించి కూర్చున్నారు.

మెకానిక్ అప్పుడు తలెత్తి చూశాడు. పైపుల మధ్య తీగ లేదు, మంత్రిగారి నిలువెత్తు బ్యానరు ఉంది. దాన్ని నాలుగు మూలలా కట్టడానికి తీగను నాలుగు ముక్కలు చేశారు.

"సార్, తీగ లేకపోతే మాట పిట్టగోడ కూడా దాటదు. స్విచ్ వేస్తే సెట్టు కాలిపోతుంది," అని మెకానిక్ ఆఫీసరు చెవిలో చెప్పాడు.

"అయితే వెయ్యకండి. మంత్రిగారిని మాత్రం మాట్లాడనివ్వండి."

మంత్రిగారు ఆ సెట్టుతో నలభై నిమిషాలు మాట్లాడారు. చివర్లో ఓవర్ అనాలి సార్ అని మెకానిక్ గుర్తుచేస్తే, "అప్పుడేనా?" అని ఇంకో పావుగంట మాట్లాడారు.

ప్రపంచంలో ఉన్నవి రెండు వందలే అయినా, వారం తిరక్కుండా నాలుగు వందల దేశాల నుంచి పురపాలక ఆఫీసుకు కార్డులొచ్చాయి. ప్రసంగం ఖంగుమని వినిపించిందని అన్నిట్లోనూ ఉంది. అన్ని దేశాలవాళ్ల చేతిరాతా ఒక్కలాగే ఉండడం మానవజాతి ఐక్యతకు నిదర్శనమని మంత్రిగారు మురిసిపోయారు. మెకానిక్‌కు కాస్త అసూయ వేసిన మాట నిజమే.

"పోనిద్దురూ. మన తీగ మనకొస్తే అంతే చాలు," అంది భార్య.

అనుమతి పత్రం తెచ్చుకుందామని ఆయన ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్లాడు. ఆఫీసరు లేచి నిలబడి చెయ్యి కలిపి, కుర్చీ చూపించి, ఫైలు తెరిచాడు.

"మీ దరఖాస్తు తిరస్కరించామండీ."

"అదేంటి సార్, మీరు మాటిచ్చారుగా?"

"ఇచ్చాను. కానీ మీరే చూడండి. తీగ ఉండగా ఆరేళ్లలో పదకొండు కార్డులు. తీగ లేకుండా వారంలో నాలుగు వందలు. ఇంకా మీకు తీగెందుకు చెప్పండి?"